కారు మీద షౌక్ సరే.. ఆర్‌సీ మీద పేరు ఎవరిది?

హైదరాబాద్ కుర్రాళ్లకు కార్ల షౌక్ కొత్తదేం కాదు. ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లు జీతం కూడబెట్టగానే ‘అబ్బా, ఒక సెకండ్ హ్యాండ్ టర్బో బండి తీసుకుంటా’ అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లకు అది ఒక కారు, అంతే. అబ్బాయి మనసులో మాత్రం రీమ్యాప్, ఎగ్జాస్ట్, అల్లాయ్ వీల్స్ అంటూ పెద్ద జాబితా ఉంటుంది. బండి తరచుగా తండ్రి పేరు మీదో, అన్న పేరు మీదో రిజిస్టర్ అవుతుంది. మార్పులు చేయించేది ఒకరు, చట్టం ముందు జవాబు చెప్పాల్సింది ఇంకొకరు. అందుకే ఈ విషయం కుర్రాళ్లతో పాటు పెద్దవాళ్లకూ తెలిసి ఉండాలి.

ముందు బండి బాగుందా?

ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ తీసుకుందాం. 2013లో మన దేశంలో విడుదలైన ఈ కారులో 1.2 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉండేది. 105 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, 7 స్పీడ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 2022లో పోలో తయారీ ఇక్కడ ఆగిపోయింది. అంటే ఇప్పుడు దొరికేవన్నీ వాడిన బండ్లే. కొన్ని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారి, ఒకసారి ట్యూన్ చేసి, అమ్మే ముందు మళ్లీ మామూలుగా మార్చినవి కూడా కావచ్చు.

కాబట్టి బేరం కుదుర్చుకునే ముందు తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి ఓబీడీ స్కానర్‌తో చూపించాలి. డీఎస్‌జీ బండి అయితే ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడిపి చూడాలి. ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు కుదుపు వస్తే క్లచ్ లేదా మెకాట్రానిక్ యూనిట్ ఖర్చు ముందుందని అర్థం. ఆ ఖర్చు చిన్నది కాదు.

వరద నీళ్లలో మునిగిన బండ్ల విషయంలోనూ జాగ్రత్త పడాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో చాలా కార్లు నీట మునిగాయి. సీట్ల కింద పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద మట్టి, సీటు బెల్టు మొత్తం బయటకు లాగితే కనిపించే మరకలు.. ఇవి ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయడమే మేలు.

కాగితాల సంగతి: ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వివరాలు చూసుకోవాలి. పెండింగ్ చలాన్లను ఈ-చలాన్ సైట్‌లో విడిగా చూసుకోవాలి. లోన్ తీరిపోయి ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ అడగాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. బెంగళూరు నుంచో ఢిల్లీ నుంచో బండి చవకగా వస్తుందంటే, అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీతో పాటు ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా లెక్కలో వేసుకోవాలి. ఇన్సూరెన్స్ పాలసీని 14 రోజుల్లోపు కొత్త యజమాని పేరుకు మార్చుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ బండితో పాటు రాదు.

చేతిలో ఉన్న డబ్బంతా బండి ధరకే పెట్టేయకూడదు. నాలుగో వంతు పక్కన ఉంచితే మొదటి సర్వీస్, టైర్లు, ఇన్సూరెన్స్‌కు ఇబ్బంది ఉండదు. వడ్డీ లోన్ వద్దనుకునే కుటుంబాల్లో ఇది ఇంకా ముఖ్యం. చేతి డబ్బుతో కొన్న బండి మూడు నెలలకే షెడ్డులో ఆగిపోతే, దాన్ని బాగు చేయించడానికి అప్పు చేయాల్సి వస్తుంది.

రీమ్యాప్ అంటే ఏం చేస్తారు?

ఇంజిన్‌కి ఎంత పెట్రోల్ ఇవ్వాలి, ఏ క్షణంలో స్పార్క్ రావాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్నవి ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. కంపెనీ దీన్ని సెట్ చేసేటప్పుడు వేడి, నాసిరకం పెట్రోల్, సర్వీస్ ఆలస్యం.. అన్నీ ఊహించి కొంత మార్జిన్ వదులుతుంది. ట్యూనర్ ఆ మార్జిన్‌ని వాడుకుంటాడు. సాఫ్ట్‌వేర్ మాత్రమే మారిస్తే స్టేజ్ 1 అంటారు. డౌన్‌పైప్, ఇంటేక్, ఇంటర్‌కూలర్ లాంటివి కూడా మారిస్తే స్టేజ్ 2.

టర్బో బండికి దీంతో తేడా బాగా తెలుస్తుంది. టర్బో లేని మామూలు 1.2 పెట్రోల్ బండికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ‘స్విఫ్ట్‌కి కూడా చేస్తాం, రాకెట్ అయిపోతుంది’ అని ఎవరైనా అంటే నమ్మాల్సిన పని లేదు.

పెరిగిన పవర్‌ని మోయాల్సినవి వేరే భాగాలు. పోలో జీటీ టీఎస్ఐలోని డ్రై క్లచ్ డీఎస్‌జీ సుమారు 250 న్యూటన్ మీటర్ల టార్క్ వరకు తట్టుకునేలా తయారైంది. ట్యూన్ ఆ అంచు దగ్గరకు తీసుకెళ్తే క్లచ్ ఆయుష్షు తగ్గుతుంది.  ఎక్కువ ఆక్టేన్ కోసం రాసిన మ్యాప్‌లో అంతకంటే తక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోస్తే ఇంజిన్‌లో నాకింగ్ మొదలవుతుంది. అది ఎక్కువైతే పిస్టన్ దెబ్బతింటుంది. వారంటీ ఉన్న బండి అయితే కంపెనీ దాన్ని నిరాకరించే అవకాశం ఎక్కువ.

మొదటి రూపాయి టైర్లకే

అనుభవమున్న డ్రైవర్లు పవర్ కంటే ముందు టైర్లు, బ్రేకుల మీద ఖర్చు పెడతారు. బండి రోడ్డుని తాకేది నాలుగు అరచేతులంత రబ్బరుతోనే. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం. గ్రూవ్‌లు బాగా కనిపిస్తున్నా అయిదారేళ్లు దాటిన టైరు గట్టిపడుతుంది, తడి రోడ్డు మీద జారుతుంది.

సైజు పెంచితే బయటి వ్యాసం పెద్దగా మారకుండా చూసుకోవాలి. 185/60 ఆర్15 టైరు ఎత్తు దాదాపు 603 మిల్లీమీటర్లు. 195/55 ఆర్15 దాదాపు 595. తేడా ఒక శాతం పైచిలుకే కాబట్టి స్పీడోమీటర్, ఏబీఎస్‌కి ఇబ్బంది రాదు. అదే అందం కోసం రెండు మూడు ఇంచులు పెద్ద రిమ్ వేస్తే మన రోడ్ల గుంతలకి రిమ్ వంగుతుంది, సస్పెన్షన్ పోతుంది. మంచి బ్రేక్ ప్యాడ్లు, రెండేళ్లకోసారి కొత్త బ్రేక్ ఫ్లూయిడ్.. ఇవి చవకైన పనులు, ప్రాణం కాపాడేవి కూడా ఇవే.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. రంగు మార్చడం, ఆమోదం పొందిన సీఎన్జీ కిట్ వేయడం లాంటివి ఆర్టీఓకి తెలిపి, ఆర్‌సీలో నమోదు చేయించుకుంటే సరిపోతుంది.

అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శబ్దం, పొగ పరిమితి దాటితే సెక్షన్ 190 కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసిన ఎగ్జాస్ట్ ఈ చిక్కులోకే వస్తుంది. అద్దాల సంగతికొస్తే ముందు, వెనక 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. రోడ్డు మీద పోలీసులు వేసే చలాన్ రాష్ట్రాన్ని బట్టి మారొచ్చు, కోర్టుకెళ్తే మాత్రం చట్టంలో ఉన్నదే లెక్క.

పద్దెనిమిదేళ్లు నిండని అబ్బాయికి తాళం ఇస్తే విషయం ఇంకా పెద్దది. సెక్షన్ 199ఏ కింద తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ఇన్సూరెన్స్‌లో అసలు చిక్కు

చాలామంది పట్టించుకోనిది ఇదే. చేయించిన మార్పు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే, ప్రమాదం తర్వాత సర్వేయర్ అది చూసి సొంత బండి క్లెయిమ్‌ని తిరస్కరించే అవకాశం ఉంది. ఎదుటివాళ్లకు దెబ్బలు తగిలిన కేసులో కంపెనీ వాళ్లకు చెల్లించినా, ఆ మొత్తాన్ని తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలని చూడొచ్చు. ఆర్‌సీ తండ్రి పేరు మీద ఉంటే నోటీసు వచ్చేది ఆయనకే. అందుకే అల్లాయ్ వీల్స్ అయినా సరే, కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు ప్రింట్ తీసి దాచుకోవాలి. కొంచెం ప్రీమియం పెరిగితే పెరగనీ.

వేగం ఎక్కడ?

ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిపూట రేసులు పెట్టడం సెక్షన్ 189 కింద నేరం. అంతకంటే ముఖ్యం, అటుగా వెళ్తున్న ఇంకో కుటుంబానికి ఆ పందెంతో సంబంధం లేదు. బండిని నిజంగా పరుగెత్తించాలనుకునే వాళ్లకు చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూర్‌లోని కారి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. హెల్మెట్ పెట్టుకుని ట్రాక్ మీద గడిపిన ఒక రోజు, ఏడాది పాటు రోడ్డు మీద నేర్చుకోలేనిది నేర్పుతుంది.

షౌక్ తప్పు కాదు. హలాల్ సంపాదనతో నచ్చిన బండి కొనుక్కోవడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఫజ్ర్ వేళ గల్లీలో ఎగ్జాస్ట్ మోగించి పక్కింటి ముసలావిడ నిద్ర చెడగొట్టడం, చూపించుకోవడానికే లక్షలు పోయడం మాత్రం వేరే సంగతి. ఇస్రాఫ్ అనేది ఇక్కడే మొదలవుతుంది.

బండి కొనే ముందు ఇంట్లో అందరూ కూర్చుని నాలుగు ప్రశ్నలు అడుక్కుంటే సగం గొడవలు తగ్గుతాయి. ఆర్‌సీ ఎవరి పేరు మీద? ఏ మార్పులు చేయిస్తారు, వాటికి ఆర్టీఓ అనుమతి ఉందా? ఇన్సూరెన్స్ కంపెనీకి ఎవరు రాస్తారు? గేర్‌బాక్స్ పోతే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగింటికీ జవాబు దొరికాకే అడ్వాన్స్ ఇవ్వాలి.