ఒక్క సర్వర్, పదివేల మంది

డిప్లొమా పిల్లల ల్యాబులో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ తెరిచి, పైథాన్‌లో ఒక్క లైను ఆదేశం కొట్టాను. పిల్లలు తమ ఫోన్లను అదే వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో దాని ఐపీ అడ్రసు, పక్కన 8000 అని కొట్టగానే ల్యాప్‌టాప్‌లోని ఫైళ్ల జాబితా ఫోన్ల మీదికి వచ్చేసింది. వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, సర్వర్ అంటే ఏసీ గదిలో బీరువా అంత ఉంటుంది కదా, ఇది కూడా సర్వరేనా?" అని అడిగింది.

సర్వరే. ఎవరో వచ్చి అడుగుతారని కాచుకుని కూర్చుని, అడిగినది ఇచ్చి, మళ్లీ కాచుకునే ప్రోగ్రాం సర్వర్. అది నడిచే పెట్టె ఏదైనా కావచ్చు. ప్రపంచంలో మొదటి వెబ్ సర్వర్ కూడా బల్ల మీది కంప్యూటరే. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్ లీ 1990 చివర్లో తన నెక్స్ట్ కంప్యూటర్ మీదే దాన్ని నడిపాడు. దారిన పోయేవాళ్లు పొరపాటున స్విచ్ కట్టేస్తారని, ఇది సర్వర్, దీన్ని ఆపొద్దు అని ఎర్ర సిరాతో రాసిన కాగితం దాని మీద అంటించాడు. ఆ రోజు ఎవరైనా దాన్ని ఆపి ఉంటే వెబ్ మొత్తం ఆగిపోయేది.

ఏసీ గదుల్లో ఉండేవాటికి ప్రత్యేకత లేదని కాదు. 19 అంగుళాల వెడల్పు ర్యాకుల్లో, ఒక్కోటి ఒకటిముప్పావు అంగుళాల మందాన, ఒకదాని మీద ఒకటి పేర్చుకునేలా తయారుచేస్తారు. కరెంటు సరఫరా రెండు వైపుల నుంచి ఉంటుంది. మెషిన్ నడుస్తుండగానే పాడైన డిస్కు లాగేసి కొత్తది పెట్టవచ్చు. మెమరీలో ప్రతి 64 బిట్లకూ 8 బిట్లు అదనంగా ఉంచుతారు. ఎక్కడైనా ఒక బిట్ తారుమారైతే వాటి సాయంతో మెషిన్ తనంతట తనే దిద్దుకుంటుంది, రెండు తారుమారైతే కనీసం పసిగడుతుంది. ఇవన్నీ ఆగకుండా నడవడానికి చేసుకున్న ఏర్పాట్లు. నన్ను ఏళ్లుగా పట్టి ఉంచిన సంగతి వేరే ఉంది. ఒక్క మెషిన్ ఒకేసారి వేలమందికి ఎలా జవాబు చెబుతుంది?

మొదట పోర్టు సంగతి. ఒక మెషిన్ మీద మెయిల్ సర్వర్, వెబ్ సర్వర్ రెండూ నడవవచ్చు. వచ్చిన ప్యాకెట్, అంటే నెట్‌వర్క్ మీద వచ్చే డేటా ముక్క, ఎవరిదో తెలియాలంటే గుర్తు కావాలి. ఆ గుర్తే పోర్టు నంబరు. మెయిల్‌కి 25, మామూలు వెబ్‌కి 80, తాళం బొమ్మతో కనిపించే భద్రమైన వెబ్‌కి 443. మా ల్యాప్‌టాప్ 8000 దగ్గర కూర్చుంది. అయితే పోర్టు ఒక్కటే అయినప్పుడు ముప్పై ఫోన్ల మాటలు కలగాపులగం కావా? కావు. ఎందుకంటే ప్రతి కనెక్షన్‌నీ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ నాలుగు అంకెలతో గుర్తుపెట్టుకుంటుంది. అడిగినవాడి ఐపీ, అడిగినవాడి పోర్టు, సర్వర్ ఐపీ, సర్వర్ పోర్టు. చివరి రెండూ అందరికీ ఒకటే. మొదటి రెండూ కలిపి చూస్తే ఏ ఇద్దరికీ ఒకటి కావు. అందుకే ఒకే ఫోన్‌లో రెండు ట్యాబులు తెరిచినా దేని జవాబు దానికే చేరుతుంది. ల్యాప్‌టాప్‌లో కనెక్షన్ల పట్టిక తెరిచి చూపిస్తే పిల్లలు తమ తమ ఫోన్ల ఐపీలు వెతుక్కున్నారు. పక్కనే యాభై వేల పైచిలుకు పోర్టు నంబర్లు, ఒక్కో పేజీ తెరిచినప్పుడల్లా కొత్తవి పుడుతూ కనిపించాయి.

ఇక కాచుకోవడం. ఎవరూ రానంతసేపూ ప్రోగ్రాం ప్రాసెసర్‌ని వాడుకోదు. ఎవరైనా వస్తే లేపమని కెర్నల్‌కి చెప్పి నిద్రపోతుంది. నెట్‌వర్క్ కార్డు మీదికి ప్యాకెట్ రాగానే ప్రాసెసర్‌కి ఇంటరప్ట్ అనే పిలుపు అందుతుంది, కెర్నల్ ఆ నాలుగు అంకెలు చూసి, అది ఎవరి కోసం వచ్చిందో ఆ ప్రోగ్రాంని లేపుతుంది. ఒక్క మనిషి కోసమైతే ఇంతే. పదిమంది ఒకేసారి వస్తే?

యూనిక్స్ నాటి నుంచీ ఉన్న జవాబు సూటిగా ఉంటుంది. వచ్చిన ప్రతివాడికీ ఒక ప్రాసెస్, అంటే విడిగా నడిచే ప్రోగ్రాం ప్రతి ఒకటి, కేటాయించు. అపాచీ సర్వర్ ఈ పద్ధతితోనే పెరిగింది. రాబ్ మెకూల్ రాసిన ఎన్‌సీఎస్‌ఏ సర్వర్‌కి అతికించిన ప్యాచ్‌లతో 1995లో మొదలై, ఏడాది తిరిగేసరికి వెబ్‌లో ఎక్కువమంది వాడే సర్వర్ అయింది. ఈ పద్ధతిలో ప్రోగ్రాం రాయడం హాయి. చదువు, వెతుకు, పంపు, అంతే. ఒక ప్రాసెస్ కూలినా పక్కవాడికి దెబ్బ తగలదు. ఆ ధీమా చిన్నది కాదు.

చిక్కంతా నెమ్మదిగా తీసుకునేవాళ్లతో వచ్చింది. ఆనాటి 56 కేబీపీఎస్ మోడెమ్ మీద 100 కిలోబైట్ల పేజీ చేరాలంటే పద్నాలుగు సెకన్ల పైనే పడుతుంది. ఆ పేజీ కోసం ప్రాసెసర్ నిజంగా చేసే పని కొన్ని మిల్లీసెకన్లు. మిగిలిన సమయమంతా ఆ ప్రాసెస్ మెమరీని పట్టుకుని ఊరికే నిలబడుతుంది. ప్రాసెస్‌కి 10 మెగాబైట్లు వేసుకుంటే పదివేల మందికి 100 గిగాబైట్లు కావాలి. అప్పటి మంచి సర్వర్లలో ఉన్నది ఒకటో రెండో గిగాబైట్లు. అపాచీ పాత వెర్షన్లలో అసలు మామూలు గరిష్ఠ పరిమితే 256 ప్రాసెస్‌లు.

1999లో డాన్ కెగెల్ అనే ప్రోగ్రామర్ ఈ చిక్కుకి సీ10కే అని పేరు పెట్టి ఒక వ్యాసం రాశాడు. సీ అంటే క్లయింట్లు, 10కే అంటే పదివేలు. అతని లెక్క నాకు చాలా ఇష్టం. వెయ్యి మెగాహెర్ట్‌జ్ మెషిన్‌ని 20,000 మందికి పంచితే ఒక్కొక్కరికి 50 కిలోహెర్ట్‌జ్ వస్తుంది. రెండు గిగాబైట్ల మెమరీని పంచితే తలకి 100 కిలోబైట్లు. డిస్కు నుంచి నాలుగు కిలోబైట్లు తీసి సెకనుకి ఒకసారి పంపడానికి ఇది ధారాళంగా సరిపోతుంది. అంటే హార్డ్‌వేర్‌లో లోటేమీ లేదు. మనం ప్రోగ్రాం రాసే తీరులోనే ఉంది.

చిన్న ఊరి డాక్టరు గారి క్లినిక్ తీసుకోండి. పేషెంటుని చూసి, రక్తపరీక్షకి రాసి పంపుతారు. రిపోర్టు వచ్చేదాకా ఆయన ఆ పేషెంటు పక్కన కూర్చోరు. తర్వాతి వాళ్లని పిలుస్తారు. బయట కాంపౌండరు ఎవరి రిపోర్టు వచ్చిందో చూసి వాళ్లనే లోపలికి పంపుతాడు. ప్రతి పేషెంటుకీ ఒక డాక్టరుని కూర్చోబెట్టే ఆసుపత్రి ఎక్కడా నడవదు. ఒక డాక్టరు రోజుకి వందమందిని చూడగలిగేది రిపోర్టుల కోసం కాచుకునే పని కాంపౌండరుకి అప్పగించబట్టే.

సర్వర్‌లో ఆ కాంపౌండరు కెర్నల్. కాకపోతే పాత కెర్నల్‌కి ఆ పని సరిగా చేతనయ్యేది కాదు. సెలెక్ట్ అనే పాత పద్ధతిలో ప్రోగ్రాం ప్రతిసారీ మొత్తం కనెక్షన్ల జాబితా ఇచ్చి వీళ్లలో ఎవరి దగ్గర మాట వచ్చిందో చెప్పమనాలి. కెర్నల్ మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటే తడిమి చూసి చెప్పేది. మళ్లీ అడిగితే మళ్లీ మొదటి నుంచే. పైగా మామూలుగా 1,024 మించి కనెక్షన్లు పట్టేవి కావు. పదివేల మందిలో ముగ్గురే మాట్లాడినా పదివేల మందినీ లెక్కపెట్టాల్సిందే.

2000లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి జొనాథన్ లెమన్ కేక్యూ అనే కొత్త పద్ధతి తెచ్చాడు. రెండేళ్లకి లినక్స్‌లోకి డేవిడె లిబెంజీ అలాంటిదే ఈపోల్ తెచ్చాడు. ఇందులో ఉన్న తెలివిని విడమరిచి చెప్పి తీరాలి. కనెక్షన్ పుట్టినప్పుడు ఒక్కసారి పేరు నమోదు చేస్తే చాలు. ప్యాకెట్ వచ్చినప్పుడు అది ఏ కనెక్షన్‌దో కనుక్కోవడం కెర్నల్‌కి ఎలాగూ తప్పదు. సరిగ్గా ఆ క్షణంలోనే, చేతిలో ఉన్న ఆ కనెక్షన్‌ని సిద్ధంగా ఉన్నవాళ్ల జాబితాలో చేర్చేస్తుంది. ప్రోగ్రాం వచ్చి అడిగితే ఆ చిన్న జాబితా మాత్రం అందిస్తుంది. వెతకడం అనే పనే లేకుండా పోయింది. పదివేల మంది మౌనంగా ఉంటే పైసా ఖర్చు లేదు. ముగ్గురు మాట్లాడితే ముగ్గురి ఖర్చే. ఇది మొదటిసారి అర్థమైన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఈ ఆలోచనని సర్వర్‌గా మలిచినవాడు రష్యాలోని రాంబ్లర్ పోర్టల్‌లో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేసిన ఇగోర్ సిసోయెవ్. 2002లో మొదలుపెట్టి, 2004 అక్టోబరులో ఇంజిన్‌ఎక్స్ అనే పేరుతో లోకానికి ఇచ్చాడు. ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్‌కి ఒక్క ప్రాసెస్ మాత్రమే నడుస్తుంది. అది సిద్ధంగా ఉన్నవాళ్ల జాబితా తీసుకుని, ఒకరికి ఇంత పంపి, ఎక్కడ ఆగిందో రాసుకుని, రెండోవాడి దగ్గరికి పోతుంది. ఎవరి పక్కనా నిలబడదు. అడగకుండా కనెక్షన్ మాత్రం పట్టుకుని కూర్చున్న పదివేల మందికి ఇంజిన్‌ఎక్స్ వాడుకునే మెమరీ సుమారు రెండున్నర మెగాబైట్లు. మీ ఫోన్‌తో తీసిన ఒక ఫోటో అంత!

2009లో ఈ రెండు పద్ధతుల తేడా అందరికీ తెలిసొచ్చింది. స్లోలోరిస్ అనే చిన్న స్క్రిప్టు బయటికి వచ్చింది. అది సర్వర్ దగ్గరికి వందల కనెక్షన్లు తెరిచి, అడగాల్సింది పూర్తిగా అడగకుండా, అప్పుడప్పుడూ ఒక లైను నసుగుతూ ఉంటుంది. అపాచీ ప్రాసెస్‌లన్నీ మాట పూర్తయ్యేదాకా కాచుకుంటూ అయిపోయేవి. ఒక్క మామూలు కంప్యూటర్ నుంచి పెద్ద సైటు మూతపడేది. ఇంజిన్‌ఎక్స్‌కి మాత్రం అవి మాట్లాడని మరికొన్ని కనెక్షన్లు, అంతే.

అలాగని అపాచీని తీసిపారేయను. ఇంజిన్‌ఎక్స్ తీరులో ఒక ప్రమాదం ఉంది. ఉన్న ఒక్క ప్రాసెస్ ఎక్కడైనా ఒక పెద్ద లెక్కలో ఇరుక్కుంటే దాని కింద ఉన్న వేలమందీ ఆగిపోతారు. అందుకే అది పీహెచ్‌పీ ప్రోగ్రాములు నడపడం లాంటి బరువు పనులు తను చేయదు, వెనక వేరే ప్రాసెస్‌లకి అప్పగిస్తుంది. ముందు కాచుకునేవాడు, వెనక కష్టపడేవాడు అనే ఈ పని విభజనే నేటి పెద్ద సైట్లన్నిటి నిర్మాణం. నా ఓటు మాత్రం ఈపోల్‌కే.

తర్వాతి కథ చకచకా సాగింది. 2012లో అపాచీ కూడా 2.4 వెర్షన్‌తో ఇదే దారి పట్టింది. అదే ఏడాది మొదట్లో వాట్సాప్ ఒక్క ఫ్రీబీఎస్‌డీ మెషిన్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలిపామని ప్రకటించింది. ఇంజిన్‌ఎక్స్‌ని 2019లో ఎఫ్5 అనే అమెరికా కంపెనీ కొనేసింది. ఇక డేటా సెంటర్లు మన ఊళ్లకే వచ్చాయి. 2022లో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ కేంద్రాలు తెరిచింది, 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నానికి 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. ఆ భవనాల్లోనూ నడిచేది కాచుకుని, అడిగితే ఇచ్చే ప్రోగ్రామే.

ఇంత తెలివి ఉండగా పరీక్ష ఫలితాల రోజు సైటు ఎందుకు మొరాయిస్తుంది? ముందున్న సర్వర్ అలసిపోయి కాదు. ప్రతి హాల్ టికెట్‌కీ వెనకున్న డేటాబేస్‌ని అడగాలి. అక్కడ క్యూ పెరిగిపోతుంది. పేజీ రాలేదని మనం రిఫ్రెష్ నొక్కుతాం. మనం వదిలేసి పోయిన పాత ప్రశ్నకి డేటాబేస్ చాలాసార్లు ఇంకా జవాబు వెతుకుతూనే ఉంటుంది. దాని వెనక మన కొత్త ప్రశ్న చేరుతుంది. లక్షల ఇళ్లలో ఇదే జరిగితే క్యూ తరగడం ఉండదు. ఫలితాలు ఒకసారి ప్రకటించాక మారేవి కావు. సైటు కట్టేవాళ్లు ముందురోజు రాత్రే ఒక్కో హాల్ టికెట్‌కి ఒక చిన్న ఫైలు తయారుచేసి పెడితే డేటాబేస్‌ని తాకే పనే ఉండదు. ఫైళ్లు పంచడం ఇంజిన్‌ఎక్స్‌కి కొట్టినపిండి. వాళ్లు ఆ పని చేసేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. ఫలితాల రోజు నంబరు కొట్టి ఒక్కసారి నొక్కండి, పేజీ తిరుగుతుంటే తిరగనివ్వండి. రిఫ్రెష్ జోలికి పోకండి.