పాపాయి నోట్లో పెట్టుకునే బొమ్మ

అనకాపల్లి బజారులో ఒక తల్లి తన పాపకు గిలక్కాయ కొన్నది. ఎర్రగా నిగనిగలాడుతున్నది. ఇంటికి వచ్చేసరికి పాప దాన్ని చప్పరిస్తున్నది. పాప మూతి ఎర్రబడింది.

“ఈ రంగు కడుపులోకి పోతాదేటే?” అని అమ్మమ్మ గాబరా పడింది.

అమ్మమ్మ భయం సరైనదే. పసిపిల్లలు ఏది దొరికినా ముందు నోట్లో పెడతారు. అందుకే పిల్లల బొమ్మకు అందం ఒక్కటే చాలదు. దేనితో చేశారు, ఏ రంగు వేశారు అని చూడాలి.

సీసం చేసే కీడు

కొన్ని రంగుల్లో సీసం అనే లోహం కలుస్తుంది. అది విషం. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. చదువులో వెనకబడతారు. మింగిన సీసం పెద్దల కన్నా పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. చాలాసార్లు బయటికి ఏ గుర్తూ కనిపించదు.

ఏటికొప్పాకలో ఏం చేస్తారు?

అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. లక్క బొమ్మలకు పేరుపడ్డ ఊరు. లక్కపిడతలు, బొంగరాలు, గిలక్కాయలు అక్కడ చేస్తారు.

బొమ్మకు అంకుడు కర్ర వాడతారు. అది తెల్లగా, మెత్తగా ఉంటుంది. సులువుగా నున్నగా తేలుతుంది. గరుకు లేకపోతే పాప చేతికి పేడు గుచ్చుకోదు.

లక్క అంటే చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు కట్టే జిగురు. దీని గుణం చిత్రమైనది. వేడి తగిలితే మెత్తబడుతుంది. చల్లారితే గట్టిపడుతుంది. పనివారు లక్కలో రంగు కలిపి కడ్డీలు చేస్తారు. గిరగిర తిరిగే కర్రకు ఆ కడ్డీని అదిమి పెడతారు. రాపిడికి వేడి పుడుతుంది. లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. చల్లారాక ఊడిరాదు. బ్రష్షుతో పూసే పని లేదు.

రంగులు కూడా చెట్టూచేమల నుంచే తీస్తారు. పసుపు కొమ్ముతో పసుపు రంగు వస్తుంది. నీలిమందుతో నీలం, జాఫ్రా గింజలతో నారింజ రంగు వస్తాయి. పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ అవుతుంది.

మధ్యలో రసాయన రంగులు వచ్చాయి. అవి చవక, పని తొందరగా అవుతుంది. దాంతో పాత పద్ధతి వెనకబడింది. ఆ ఊరి సి.వి. రాజు గారు కళాకారులతో కలిసి చెట్ల రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ ఇచ్చారు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

తడిగుడ్డతో బొమ్మను రుద్దాలి. రంగు అంటితే పాపకు ఇవ్వకూడదు. రంగు అంటకపోయినా ఏ రంగు వేశారో అడగాలి. సీసం కంటికి కనబడదు.

కార్ఖానా బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. కొనేటప్పుడు ఆ గుర్తు వెతకాలి. ఏటికొప్పాక వంటి చేతిపని బొమ్మలకు ఆ నియమం లేదు. కాబట్టి అడిగి కొనడమే మేలు.

ఊడివచ్చే చిన్న ముక్కలున్న బొమ్మ మూడేళ్ళలోపు పిల్లలకు వద్దు. గొంతులో అడ్డం పడుతుంది.

లక్క బొమ్మను పొయ్యి దగ్గర పెట్టకూడదు. వేడినీళ్ళలో కడగకూడదు. లక్క మెత్తబడి రంగు చెడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

పాప మూతి తుడిచి, ఆ తల్లి గిలక్కాయను పక్కన పెట్టేసింది. ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు ధర కన్నా ముందు రంగు సంగతి అడుగుతానన్నది.