గేమ్ డెవలపర్లూ.. యూనిటీనా? గోడోనా? ఇంజిన్ ఎంచుకునే ముందు ఇది చూసుకోండి!

గేమ్ తయారు చేద్దామని కూర్చున్న డెవలపర్‌కు ఎదురయ్యే మొదటి ప్రశ్న.. ఏ ఇంజిన్ వాడాలి? ఫీచర్లు, ట్యుటోరియల్స్ అందరూ చూస్తారు. రూల్స్ మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. అదెంత ముఖ్యమో 2023లో తెలిసొచ్చింది.

అసలేం జరిగింది?
యూనిటీ ఒక కంపెనీ సొంత ఇంజిన్. 2023 సెప్టెంబర్ 12న ఆ సంస్థ 'రన్‌టైమ్ ఫీజు' ప్రకటించింది. పర్సనల్ ప్లాన్‌లో ఉన్నవారి గేమ్‌కు ఏడాదిలో 2 లక్షల డాలర్ల ఆదాయం, మొత్తంగా 2 లక్షల ఇన్‌స్టాల్స్ దాటితే.. ఆపై ఒక్కో కొత్త ఇన్‌స్టాల్‌కు 20 సెంట్ల వరకు కట్టాలట. అప్పటికే మార్కెట్లో ఉన్న గేమ్స్‌కూ ఇదే రూల్! అంటే ఇంకో 10 లక్షల ఇన్‌స్టాల్స్ పడితే బిల్లు 2 లక్షల డాలర్ల దాకా వెళ్లొచ్చు. ఉచితంగా ఇచ్చి యాడ్స్ మీద నడిచే గేమ్ ఆ లెక్క తట్టుకోవడం కష్టమే.

డెవలపర్లు భగ్గుమన్నారు. పది రోజుల్లోనే కంపెనీ కొంత తగ్గింది. అక్టోబర్‌లో సీఈఓ జాన్ రిక్కిటియెల్లో తప్పుకున్నారు. 2024 సెప్టెంబర్‌లో గేమ్స్‌పై ఈ ఫీజునే రద్దు చేశారు.

గోడో వైపు చూపు
ఆ గొడవలో బాగా లాభపడింది గోడో. అర్జెంటీనాలో పుట్టిన ఈ ఇంజిన్ కోడ్ 2014 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి రాయల్టీ లేదు. రేపు నిర్వాహకులు మనసు మార్చుకున్నా, ఈరోజు మీ దగ్గరున్న వెర్షన్‌ను ఎవరూ లాక్కోలేరు. 'టెర్రేరియా' తయారుచేసిన రీ-లాజిక్ గోడోకు లక్ష డాలర్ల విరాళమిచ్చింది. 'స్లే ద స్పైర్ 2' టీమ్ ఏకంగా యూనిటీ వదిలి గోడోకు మారింది.

మరి ఇబ్బందుల్లేవా?
ఉన్నాయి. ప్లేస్టేషన్, నింటెండో లాంటి కన్సోల్స్ టూల్స్ గోప్యత ఒప్పందాల కింద ఉంటాయి. వాటిని ఓపెన్ కోడ్‌లో పెట్టలేరు. అందుకే గోడో గేమ్‌ను అక్కడికి తీసుకెళ్లాలంటే బయటి సంస్థల సాయం కావాలి, దానికి ఖర్చవుతుంది. మొబైల్ యాడ్స్ విషయానికొస్తే, గూగుల్ యాడ్‌మాబ్‌కు యూనిటీలో అధికారిక ప్లగిన్ ఉంది. గోడోలో కమ్యూనిటీ రాసినవే దిక్కు. రాసినాయన వదిలేస్తే బాగుచేసుకోవాల్సింది మీరే.

మొబైల్ గేమ్ స్టూడియోలో ఉద్యోగమే లక్ష్యమైతే యూనిటీ నేర్చుకోవడం మేలు. సొంతంగా చిన్న 2డీ గేమ్ చేసి పీసీలో అమ్ముకుందామంటే గోడో సరిపోతుంది. ఏది ఎంచుకున్నా ముందే తేల్చుకోవాలి. సగంలో మారితే బొమ్మలు, శబ్దాలు పనికొస్తాయేమో గానీ, సీన్లు, స్క్రిప్టులు దాదాపు మొదటి నుంచీ రాసుకోవాల్సిందే.