విడిపోయేటప్పుడూ మంచితనమే

కొన్నేళ్ల క్రితం మా వీధిలోని ఒక తండ్రి కూతురిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అల్లుడితో సరిపడక ఆ అమ్మాయి ఏడాదిగా పుట్టింట్లోనే ఉంటోంది. కోర్టులో వేయడానికి ప్లీడరు తయారు చేసిన పిటిషన్ తెచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం కనుక మా బడిలోని ఇంగ్లీషు మాస్టారిని పిలిపించి చదివించాను. అత్తగారు తనను కొట్టేదని అందులో ఒక పేరా ఉంది. వినగానే ఆ అమ్మాయి భోరున ఏడ్చింది.

"చాచా, కాన్పు రోజుల్లో నన్ను కన్నతల్లిలా చూసుకున్నది ఆమే. ఈ మాట నేను చెప్పలేదు" అంది.

"కేసు గట్టిగా ఉండాలని నేనే చెప్పాను" అని తండ్రి తల దించుకున్నాడు. చదవకుండానే ఆమె సంతకం పెట్టేసింది!

తలాఖ్‌ను ఇస్లాం ప్రోత్సహించదు. అయితే కలిసి బతకడం అసాధ్యమైనప్పుడు తలుపు మూసి ఉంచనూ లేదు. భార్యను ఉంచుకుంటే మర్యాదగా ఉంచుకోవాలని, విడిచిపెడితే మంచితనంతో విడిచిపెట్టాలని బఖరా సూరా 229వ ఆయత్ బోధిస్తోంది. వ్యవహారం కోర్టుకెక్కినంత మాత్రాన ఈ బాధ్యత తీరిపోదు. హక్కు అడగడం తప్పు కాదు. హక్కు కోసం అబద్ధమాడటం తప్పు.

ముందు ఇద్దరు పెద్దలు

భర్త తరఫున ఒకరు, భార్య తరఫున ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలని నిసా సూరా 35వ ఆయత్ చెబుతోంది. గొంతు పెద్దదైన వారిని కాక, ఓపికగా వినేవారిని ఎంచుకోండి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం కూడా ముందు రాజీకి ప్రయత్నించమనే అంటుంది. కానీ ఇంట్లో దెబ్బలు, ప్రాణభయం ఉంటే పంచాయితీ కోసం ఆగనక్కరలేదు. గృహహింస నుంచి రక్షణకు 2005 నాటి చట్టం ఉంది.

తెలుసుకోవలసిన హక్కులు

ఒకే ఊపులో చెప్పే మూడు తలాఖ్‌లను సుప్రీంకోర్టు 2017లో కొట్టివేసింది. 2019 చట్టం ప్రకారం అది చెల్లదు. పైగా మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. కాబట్టి ఫోనులో వచ్చిన మాటను చూసి ఏ ఆడపిల్లా తన పెళ్లి ముగిసిందని అనుకోకూడదు.

స్త్రీకి ఖులా హక్కు ఉంది. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య తన భర్త గుణంలో లోపం లేదంటూనే, ఆయనతో కాపురం చేయలేనని దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇప్పించి, ప్రవక్త (స) వారిని విడదీశారు. ఖులాకు భర్త అంగీకారం తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. భర్త రెండేళ్లు పోషించకపోయినా, నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా, క్రూరంగా చూసినా 1939 చట్టం కింద భార్య విడాకులు కోరవచ్చు.

తలాఖ్ పొందిన స్త్రీకి మహర్‌తో పాటు, ముందు జీవితానికి కూడా సరిపడే న్యాయమైన ఏర్పాటును ఇద్దత్ గడువులోగా చేయాలి. 1986 చట్టానికి సుప్రీంకోర్టు 2001లో చెప్పిన అర్థం ఇదే. అందరికీ వర్తించే మనోవర్తి నిబంధన కింద కూడా ఆమె అడగవచ్చని 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ప్లీడరు దగ్గరకు వెళ్లేటప్పుడు

నికాహ్‌నామా (హైదరాబాదు వైపు సియాహా అంటారు), మహర్ వివరాలు, జహేజ్ సామాన్ల జాబితా, పిల్లల జనన పత్రాలు, బ్యాంకు పుస్తకాలు - అన్నిటికీ నకళ్లు తీసి ఉంచుకోండి. ఫీజు ఎంత, ఎన్ని దఫాలుగా అన్నది మొదటే అడగండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. ప్రతి కాగితాన్నీ తెలుగులోనో ఉర్దూలోనో చదివించుకున్నాకే సంతకం చేయండి. మీ వైపు తప్పులేమైనా ఉంటే ప్లీడరుకు దాచకుండా చెప్పండి.

డబ్బు లేదని వెనుకాడవద్దు. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి.

పిల్లలు, మనసు

పిల్లల చేత కబుర్లు పంపకండి. వారి ఎదుట అబ్బాను గాని అమ్మీని గాని తిట్టకండి. వాయిదా రోజున అమ్మాయిని ఒంటరిగా పంపకండి. అక్కో, పిన్నో వెంట వెళ్లాలి. కేసు నడిచినన్నాళ్లూ ఆమె చదువో, పనో ఆగకూడదు. "నలుగురు ఏమంటారు?" అనే ప్రశ్న తల్లిదండ్రుల నోట రాకూడదు. నలుగురి మాట నాలుగు రోజులే. ఆమె బతుకు ఎంతో ముందుంది.

ఆ తండ్రీ కూతుళ్లు మర్నాడే ప్లీడరు దగ్గరకు వెళ్లారు. "నిజం ఇదని మొదటే చెప్పి ఉంటే రాసేవాణ్ణి కాదు కదమ్మా" అని ఆయన ఆ పేరా తీసేశారు. ఆ పేరా లేకపోయినా కేసు నిలిచింది. ఆమెకు విడాకులు వచ్చాయి. నేటికీ ఈద్ రోజున ఆమె కొడుకు దాదీ ఇంటికి వెళ్లి షీర్ ఖుర్మా తాగి వస్తున్నాడు. ఆ ఒక్క పేరా కోర్టుకు చేరి ఉంటే ఆ గుమ్మం వాడికి మూసుకుపోయేది.

విడిపోతున్నా, పరస్పరం చేసుకున్న మేలును మరవవద్దని బఖరా సూరా 237వ ఆయత్ మనకు గుర్తు చేస్తోంది. అలాంటి మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.