రంగు వేస్తే చెడిపోయే చెక్క: సూరత్ సాడేలీకి మెరుపు ఎక్కడిది?

సూరత్ అనగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది బట్ట. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడి మరమగ్గాల మీదే బతుకుతున్నాయి. ఆ తర్వాత గుర్తొచ్చేవి వజ్రాలు. ఈ రెండింటి నీడలో ఎవరికీ పెద్దగా కనిపించకుండా మిగిలిన చెక్కపని ఒకటి ఉంది. దాని పేరు సాడేలీ. నగల పెట్టె మూత మీద నక్షత్రాలు, షడ్భుజాలు, త్రిభుజాలు వందల సంఖ్యలో పేర్చినట్టుగా కనిపించే పని అది. చూసినవాళ్లలో చాలామంది దాన్ని కుంచెతో వేసిన రంగులే అనుకుంటారు. నిజానికి అందులో కుంచెకు పనే లేదు.

ఈ పని ఇరాన్‌లోని షిరాజ్ నుంచి సింధ్ మీదుగా పశ్చిమ తీరానికి చేరిందని జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో భారతీయ హస్తకళల మీద వెలువరించిన పుస్తకంలో రాశాడు. షిరాజ్‌లో ఇప్పటికీ దీన్ని ఖాతం అంటారు. సూరత్‌లో, తర్వాత బొంబాయిలో దీన్ని ఎక్కువగా చేపట్టినవారు పార్సీలు. వారిలో పేటీగరా అనే ఇంటిపేరు కూడా ఉంది. పేటీ అంటే పెట్టె. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌కు ఓడల మీద వెళ్లిన ఈ పెట్టెలకు అక్కడ ‘బొంబాయి బాక్సు’ అనే పేరు స్థిరపడిపోయింది. 1851 లండన్ మహా ప్రదర్శనలోనూ వాటిని ఉంచారు. పేరు బొంబాయికి పోయింది, పని మాత్రం సూరత్‌లో కొద్దిమంది చేతుల్లో మిగిలింది. ఇటీవలే దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

తయారీ సూత్రం చిన్నదే. వేర్వేరు రంగుల చెక్కలు, దంతం, ఎముక, తగరపు తీగలను సన్నని పొడవాటి పుల్లలుగా చేస్తారు. కొన్నిటికి మూడు పలకలుంటాయి, కొన్నిటికి ఆరు. వాటిని నమూనా ప్రకారం కట్టగా పేర్చి జిగురుతో బిగిస్తారు. జిగురు ఆరాక ఆ కట్టను సన్నటి రంపంతో అడ్డంగా కోస్తారు. బూందీ లడ్డూను కత్తితో కోస్తే లోపలి గింజలన్నీ కనిపించినట్టు, ప్రతి కోతలోనూ అదే పువ్వు కనిపిస్తుంది. మిల్లీమీటరు అటూఇటూ మందం ఉండే ఆ బిళ్లలను శ్రీగంధం పెట్టె మీదో, టేకు పెట్టె మీదో అతికిస్తారు.

అసలు కష్టం అతికించాకే మొదలవుతుంది.

అడ్డంగా కోసిన చెక్క అంటే పైకి కనిపించేది దాని పొడవు కాదు, కొస. చెట్టు నీటిని పైకి తీసుకెళ్లిన గొట్టాలన్నీ అక్కడ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. దాని మీద రంగు పోస్తే గడ్డి మోపును నీళ్లలో ముంచినట్టే. తెల్లచెక్క గుక్కలు గుక్కలుగా తాగుతుంది, చేవదేరిన ఎబోనీ కొద్దిగానే తాగుతుంది, తగరం అసలు తాగదు. నమూనా మొత్తం మసకబారిపోతుంది. మామూలు ఫర్నిచర్‌కు స్టెయిన్ వేసి ఆ తర్వాత పాలిష్ కొట్టే పద్ధతి ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి రంగు విషయం కట్ట కట్టకముందే తేలిపోవాలి. ఎరుపు కావాలంటే ఎర్రటి చెక్క, నలుపు కావాలంటే ఎబోనీ, ముదురు గోధుమ కావాలంటే మన జిట్రేగి. ప్రకృతిలో దొరకని ఆకుపచ్చ కోసం ఎముకను రంగునీళ్లలో నానబెట్టేవారు. పైపైన అంటిన రంగు తర్వాతి అరగదీతలో పోతుంది. అందుకే రంగు లోపలిదాకా ఇంకాలి. పాత పెట్టెల్లో వాడిపోయినా ఇంకా పచ్చగానే ఉన్న ముక్కలు ఇలా తయారైనవే. ఇంట్లో చిన్న స్క్రోల్ సాతో పేరు పలకలు, దేవుడి బొమ్మలు కోసుకునేవారికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. వేర్వేరు రంగులు కావాలంటే ముక్కల్ని విడిగా రంగు వేసి, ఆరనిచ్చి, ఆ తర్వాతే అతికించాలి. అతికించాక వేస్తే పక్క ముక్కలోకి పాకుతుంది. జిగురు ఒలికిన చోట అసలు పట్టదు.

దుమ్ము అనే శత్రువు

రెండో చిక్కు నునుపు చేసేటప్పుడు వస్తుంది. ఉప్పుకాగితంతో రుద్దితే ఎబోనీ పొడి, జిట్రేగి పొడి పక్కనున్న తెల్లచెక్క రంధ్రాల్లోకి దిగుతాయి. తెలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. ఒకసారి దిగిన పొడి ఊదితే పోదు. అందుకే ఇలాంటి పనిలో మొదట పదునైన ఉక్కు రేకుతో గీకి, ఉప్పుకాగితాన్ని వీలైనంత తక్కువగా, చివర్లో వాడటం మంచిది.

ఆ తర్వాత లక్క పూత. స్పిరిట్‌లో లక్క పెళ్లలు కరిగించి గుడ్డతో పొరలు పొరలుగా రుద్దే ఫ్రెంచ్ పాలిష్‌కు ఒక గొప్ప గుణం ఉంది. జిట్రేగి లాంటి చెక్కల్లోని సహజ పదార్థాలు నూనె వార్నిష్‌ను సరిగా ఆరనివ్వవు. లక్క మాత్రం వాటి మీదా ఆరుతుంది. కానీ స్పిరిట్‌కు ఆ చెక్కలోని రంగును కరిగించే గుణమూ ఉంది. తడి గుడ్డతో మొదటి పొరే గట్టిగా రుద్దితే ఎర్రటి చార తెల్ల ముక్క మీదికి వస్తుంది. అందుకే మొదటి పొర పలుచగా, తాకీ తాకనట్టు వేయాలి. అది ఆరి చెక్క నోళ్లు మూసుకున్నాకే చేతికి బలం ఇవ్వాలి. వానాకాలంలో ఇంకో తంటా. స్పిరిట్ ఆవిరవుతున్నప్పుడు గాలిలోని తేమను లాక్కుంటుంది, పూత పాలలాగా తెల్లబారుతుంది. తాపీ నది ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లో ఇది చిన్న ఇబ్బంది కాదు.

మన ఏటికొప్పాక బొమ్మల్లోనూ లక్కే వాడతారు. కానీ తీరు పూర్తిగా వేరు. అక్కడ అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అక్కడ లక్కే రంగు. ఇక సాడేలీకి బంధువులాంటి విశాఖపట్నం దంతపు పెట్టెల్లో, దంతం మీద గీసిన గీతల్లోకి నల్లలక్క నింపేవారు. అక్కడ లక్క సిరా. సూరత్‌లో మాత్రం లక్క అద్దం. కింద ఉన్నదాన్ని చూపించడమే దాని పని.

దంతం పోయి ప్లాస్టిక్ వచ్చాక

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ దేశీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని ఆపింది. 1991 సవరణ ఆఫ్రికా దంతాన్నీ ఆపింది. ఆపవలసిందే. అయితే సాడేలీలో తెలుపంటే ప్రధానంగా దంతమే కాబట్టి, దాని స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. దాంతో పూత లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ప్లాస్టిక్‌ను యంత్రంతో వేగంగా రుద్దితే వేడికి మెత్తబడి పక్క చెక్క మీద పాముకుంటుంది. అక్రిలిక్ అయితే బిగువులో ఉన్నప్పుడు స్పిరిట్ తగిలినా వెంట్రుక లాంటి పగుళ్లు రావచ్చు. లాకర్ థిన్నర్ దాన్ని మరింత దెబ్బతీస్తుంది. అంటే పాత పూత చెక్కకు సరిపోయినా, కొత్త తెలుపుకు సరిపోదు.

ఇలాంటప్పుడు పాలీయూరితేన్ తేలిక దారిగా కనిపిస్తుంది. స్ప్రేతో కొడితే పని త్వరగా అవుతుంది, నీటి చుక్కకు, టీ కప్పు వేడికి తట్టుకుంటుంది. లక్క ఈ రెంటికీ లొంగిపోతుంది. కౌరవులు లక్క ఇల్లే ఎందుకు కట్టించారో అందరికీ తెలిసిందే. కానీ మందంగా కొట్టిన ప్లాస్టిక్ పూత కింద అసలు సాడేలీకి, అచ్చు వేసిన స్టిక్కర్‌కు తేడా తెలియదు. కొనేవారు మూత అంచు చూడాలి. అసలు పనిలో బిళ్ల మందం, ముక్కల అతుకులు అంచు దగ్గర కనిపిస్తాయి. స్టిక్కర్‌లో నమూనా అక్కడ హఠాత్తుగా తెగిపోతుంది. వేలి కొసతో తడిమినా చెక్కకూ తగరానికీ మధ్య చల్లదనంలో చిన్న తేడా తెలుస్తుంది. మందపు పూత ఆ తేడాను మింగేస్తుంది.

శ్రీగంధం పెట్టెల లోపలి భాగానికి ఏ పూతా వేయకపోవడం మంచిది. వేస్తే వాసన బయటికి రాదు.

పాత పెట్టె ఇంట్లో ఉన్నవారికి ఒక హెచ్చరిక. అందులో దంతం ఉంటే దాన్ని అమ్మడం చట్టవిరుద్ధం. బాగు చేయించుకోవాలంటే మాత్రం, లక్క పూత అయితే స్పిరిట్ గుడ్డతో జాగ్రత్తగా తుడిచి మళ్లీ వేయొచ్చు. పాత జంతు జిగురు కూడా వేడికి, తడికి మెత్తబడుతుంది కాబట్టి లేచిన ముక్కను తిరిగి కూర్చోబెట్టొచ్చు. తళతళలాడాలని దాని మీద పాలీయూరితేన్ కొట్టిస్తే ఇక స్పిరిట్ పనిచేయదు, గీకాల్సిందే. మిల్లీమీటరు మందం బిళ్లను రెండుసార్లు గీకితే కింద ఉన్న గంధపు చెక్క బయటపడుతుంది.