తక్కెడలో రెండవ పళ్లెము

ఆదరణ కూడికలలో, బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో "ఏడవకమ్మా, విశ్వాసులు ఏడవకూడదు" అని చెప్పేవారిని మనము చూస్తూనే ఉంటాము. వారి ఉద్దేశము మంచిదే. కాని పౌలు థెస్సలొనీక సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 4:13 నిదానముగా చదవండి. నిరీక్షణ లేనివారు దుఃఖించే విధముగా మనము దుఃఖించవద్దని ఆయన వ్రాశాడు. అసలు దుఃఖమే వద్దని వ్రాయలేదు.

అయితే ఈ పౌలే తన శ్రమ చులకనైనదని 2 కొరింథీయులకు 4:17లో అంటున్నాడు. నొప్పితో మంచము పట్టినవారికి ఆ మాట చదివితే కొంచెము కోపము కూడ రావచ్చు. ప్రియ చదువరీ, అదే పత్రికలో 11వ అధ్యాయము తెరచి చూడండి. అయిదుసార్లు 39 చొప్పున కొరడా దెబ్బలు తిన్నాడు. లెక్క కడితే 195. మూడుసార్లు బెత్తములతో కొట్టారు, ఒకసారి రాళ్లు రువ్వారు. మూడుసార్లు ఓడ పగిలింది. ఒక రాత్రి, ఒక పగలు సముద్రములో గడిపాడు. ఇన్ని పడినవాడు దానిని చులకన అనుట ఎట్లు?

సంతలో తక్కెడను చూచినవారికి ఇది తెలుసు. ఒక పళ్లెము పైకి లేచిందంటే అందులో ఏమియు లేదని కాదు, ఎదుటి పళ్లెములో అంతకంటె బరువైనది ఉన్నదని. పౌలు ఎదుటి పళ్లెములో నిత్య మహిమను పెట్టాడు. హెబ్రీ భాషలో మహిమకు వాడే 'కాబోద్' అను మాటకు మూలార్థము బరువే. ఆ భాష ఎరిగిన పౌలు తూకపు మాట వాడుటలో వింత లేదు.

సిలువకు ముందు రాత్రి మన ప్రభువు శిష్యులతో మరియొక పోలిక చెప్పారు: ప్రసవ వేదనపడు స్త్రీ (యోహాను 16). దుఃఖము వెళ్లిపోయి దాని చోటికి సంతోషము వస్తుందని మనము సాధారణముగా అనుకొంటాము. ప్రభువు చెప్పినది అంతకంటె ఎక్కువ. ఆ దుఃఖమే సంతోషముగా మారుతుంది. ఏ నొప్పులు తల్లిని ఏడిపించెనో ఆ నొప్పులలోనే బిడ్డ పుట్టెను. శిష్యులు ఏ సిలువను చూచి చెదరిపోయారో, తరువాత ఆ సిలువనే ఊరూర ఆనందముతో ప్రకటించారు.

మరి ఆ తల్లి సంగతి? బేతనియలో లాజరు సమాధి యొద్దకు వెళ్లునప్పుడు, కొద్దిసేపటిలో అతనిని లేపబోవుచున్నానని యేసు ప్రభువునకు తెలుసు. తెలిసియు, ఏడ్చుచున్న మరియను చూచి ఆయన కన్నీరు విడిచారు.

నాయీను విధవరాలితో ఏడవవద్దని ప్రభువే చెప్పారు గదా అని ఎవరైనా అడగవచ్చు. చెప్పారు. ఆ వెంటనే పాడెను ముట్టి, ఆమె కుమారుని లేపి ఆమెకు అప్పగించారు. మన చేతులలో ఆ పని లేదు. ఆయన దానిని చేసే దినము వస్తుంది. ఆ మాట కూడ అప్పుడు ఆయనే ఆమెతో చెప్పుతారు.