ఆదివారం సెలవు దుకాణానికా, మనిషికా?

ఆదివారం సంచి పట్టుకుని బజారుకు వెళ్లడం మనకు అలవాటు. ఇంగ్లండ్, వేల్స్‌లలో మాత్రం ఆ రోజు పెద్ద దుకాణాలు ఎన్ని గంటలు తెరవాలో చట్టమే చెబుతుంది. అక్కడ ఈ చర్చ దశాబ్దాలుగా నడుస్తోంది.

1950 నాటి చట్టం ప్రకారం అక్కడ ఆదివారం కొన్ని సరుకులే అమ్మాలి. తాజా కూరగాయలు అమ్మవచ్చు, డబ్బాల్లో నిల్వ చేసినవి అమ్మకూడదు. ఈ ఆంక్షలు ఎత్తివేయాలని 1986లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం బిల్లు తెచ్చింది. సభలో భారీ మెజారిటీ ఉన్నా 14 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ప్రార్థన కోసం చర్చిలు, విశ్రాంతి కోసం కార్మిక సంఘాలు ఒక్కటయ్యాయి. సొంత పార్టీ సభ్యులూ ఎదురు తిరిగారు.

1994లో రాజీ కుదిరింది. 280 చదరపు మీటర్ల వరకు ఉన్న చిన్న దుకాణాలకు ఆంక్షలు లేవు. అంతకు మించినవి ఉదయం 10 నుంచి సాయంత్రం 6 లోపు వరుసగా 6 గంటలే తెరవాలి. దుకాణ ఉద్యోగి లిఖితపూర్వకంగా తెలిపి ఆదివారం పని వద్దనవచ్చు. ఆదివారానికే నియమితులైనవారికి ఈ హక్కు లేదు. 2016లో వేళల నిర్ణయం స్థానిక సంస్థలకు అప్పగిద్దామన్న ప్రతిపాదన 286–317 ఓట్లతో వీగిపోయింది.

వేళలు పెంచితే కొనుగోలుదారుకు సౌకర్యం, వ్యాపారానికి లాభం అన్నది ఒక వాదన. ఉద్యోగికి కుటుంబంతో గడిపే రోజు పోతుందన్నది రెండో వాదన. పెద్ద దుకాణం ఆ కొద్ది గంటలు మూసి ఉండటమే చిన్న దుకాణానికి బేరం తెచ్చిపెడుతుందన్నది మూడోది.

మన దేశంలో 1942 వారపు సెలవుల చట్టం వారానికొక రోజు దుకాణం మూయాలంది. ఏ రోజన్నది యజమాని ఇష్టం. 2016లో కేంద్రం రూపొందించిన నమూనా చట్టం దుకాణాన్ని ఏడాది పొడవునా తెరవనిస్తూనే, ఉద్యోగికి వారంలో వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలంది. అంటే దుకాణం సెలవు వేరు, మనిషి సెలవు వేరు.

2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు పొందుతున్న మనకు దాని విలువ తెలుసు. మాల్‌లో షిఫ్టులు వేసి సెలవు సర్దవచ్చు. భార్యాభర్తలిద్దరే నడిపే కిరాణా కొట్టుకు షిఫ్టు ఎక్కడిది? కొట్టు మూస్తేనే వారికి సెలవు, మూస్తే ఆ రోజు బేరం పక్క వీధి మాల్‌కు పోతుంది. మన కౌంటర్‌కు వచ్చే చిన్న వ్యాపారులు చాలామందిది ఇదే పరిస్థితి. ఏ సంస్కరణ తెచ్చినా ముందుగా లెక్కలోకి రావలసింది వారే.